తీగకు గుచ్చిన నల్లా బిల్లులు

మా నాయినకు ఒక అలవాటు ఉండె, ఏ బిల్లు కట్టినా రసీదును తలుపెనుక వేలాడే ఇనుప తీగకు గుచ్చుడు. కరెంటు, ఇంటి పన్ను, నల్లా, ఎల్ఐసీ, అన్నీ ఒకే తీగకు, అది నిండితే ఇంకోటి. కొన్నేండ్ల కింద పాత ఇల్లు బిల్డర్‌కు ఇచ్చే ముందు సజ్జ మీది సామాన్లు దించుతుంటే ఆ తీగలు దొరికినయి, తుప్పు మరకలు పట్టి, అంచులకు చెదలు కొట్టి. పాత పేపర్లల్ల వేసేద్దామనుకున్న గాని ఒక్కొక్కటి చూసుడు మొదలుపెట్టి సాయంత్రం దాకా అక్కడనే కూర్చున్న. నల్లా బిల్లులు చూస్తుంటే ఒకటి వింతగ అనిపించింది. మా కాలనీ గుప్పెడు ఇండ్ల నించి వందల ఇండ్లకు పెరిగిన కాలమంతా ఆ తీగల మీద ఉంది, నల్లా బిల్లు మాత్రం ఏండ్లకేండ్లు ఉన్న కాడనే ఉంది. అదే కాలంల మా ఇంట్ల నీళ్లకు పెట్టిన ఖర్చు ఎంత పెరిగిందో నాకు తెల్వంది కాదు. ఆ పైసల రసీదు ఒక్కటంటే ఒక్కటి తీగకు లేదు.

మాది సిటీకి తూర్పు దిక్కు. కాలనీ పేరు, మున్సిపాలిటీ పేరు ఎందుకులే, అప్పట్ల హైదరాబాద్ చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలల్ల ఒకటనుకోండ్రి. నాయినది నల్గొండ జిల్లా, సర్కారు నౌకరి మీద ఇటొచ్చి ఇన్‌స్టాల్‌మెంట్ల మీద రెండు వందల గజాల ప్లాటు కొన్నడు. అంతకుముందు అదంతా ద్రాక్షతోట. సిటీ శివార్లల్ల అనాబ్-ఏ-షాహీ పందిళ్లు ఉండేటియంటే ఇప్పటి పిల్లలు నవ్వుతరు. పందిరి రాళ్లు కొన్ని మేం ఇల్లు కట్టుకున్నంక కూడ పక్క ప్లాట్లల్ల నిలబడే ఉండె, వాటికి తాడు కట్టి అమ్మ బట్టలారేసేది. తోట బాయి కాలనీ నడుమ ఉండె. స్నానాలకు, బట్టలకు బాయి నీళ్లు, తాగుటానికి రోడ్డు చివర బోరింగు. బోరింగు కొడితే చేతులు కాయలు కాసేటియి గాని నీళ్లు ఎప్పుడూ ఆగలే, ముప్పై ఫీట్ల బాయిల ఎండాకాలం కూడ నీళ్లు కనపడేటియి. ఆ బాయిని తర్వాత మట్టి పోసి పూడ్చి కార్నర్ ప్లాటు అని అమ్మిన్రు, ఇప్పుడు దాని మీద జీ ప్లస్ ఫోర్ ఉంది, ఆ బిల్డింగోళ్లు వెయ్యి ఫీట్ల బోరు వేసిన్రు, నీళ్లు పడలే. నేను కావాలని చెప్తున్న ముచ్చట కాదు, నిజంగ అట్లనే జరిగింది.

నల్లా తర్వాతొచ్చింది. మీటరు లేదు, అర ఇంచ్ కనెక్షన్, నెలకు ఇంత అని ఫిక్స్. నీళ్లు ఇడిచే ఆయనను పిల్లలమందరం చావి మామ అనేటోళ్లం, భుజం మీద ఇంగ్లీషు టీ అక్షరం లెక్క పెద్ద ఇనుప చావి వేసుకొని సైకిల్ మీద వచ్చేటోడు కాబట్టి. రోడ్డు మీద చిన్న మూత తెరిచి చావి లోపటికి దించి తిప్పితే మా గల్లీకి నీళ్లు. ఆయన సైకిల్ బెల్లు వినపడితే అమ్మలు పొయ్యి మీది కూర కూడ ఇడిచిపెట్టి ఉరికేటోళ్లు. ముందుగాల నల్లాల నించి సుయ్యిమని గాలి వచ్చేది, తర్వాత ఎర్రటి తుప్పు నీళ్లు రెండు బకెట్లు, అవి చెట్లకు, ఆ తర్వాత తెల్లటి నీళ్లు. ఇత్తడి బిందెలు, స్టీలు బిందెలు, గంగాళం, దేగిశలు, ఆఖరికి అన్నం తినే గిన్నెలు కూడ నింపేటోళ్లం. ఒక్కోసారి రాత్రి రెండింటికి ఇడిచేటోళ్లు. ఎవలింట్ల ముందు మెలకువ వస్తే వాళ్లు పక్కింటి గేటు కొట్టి "నల్లా వచ్చింది వదినా" అని ఒర్రుడు, అట్ల గల్లీ మొత్తం లేచేది. సుట్టాలొస్తే అమ్మ మొగం మీద నవ్వు ఉండేది గాని కండ్లు డ్రమ్ము దిక్కు పోయేటియి. ఎండాకాలం మా ఇంటికి వచ్చే మేనత్త పాపం "స్నానం చేసే బయలెల్లిన" అని ముందుగాలనే చెప్పేది.

దానికి పూర్తిగ ఉల్టా మా పెద్దమ్మోళ్ల ఇల్లు. వాళ్లు సిటీ లోపల మల్లేపల్లిల ఉండేటోళ్లు, గండిపేట చెరువు నీళ్లు. ఎండాకాలం సెలవులకు అక్కడికి పోవుడంటే నాకు సగం సంతోషం ఆ నల్లా కిందనే. మా కాలనీల చెంబు లెక్క పెట్టి పోసుకునేటోన్ని, అక్కడ నెత్తి మీద నించి ధార పడుతుంటే కూర్చునుడే. నీళ్లు కూడ తియ్యగ ఉండేటియి. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ ఇడిచిపోడు అని అందరూ అనేదే పెద్దనాయిన కూడ అనేటోడు, ఆయన అయితే ఆ మాటను నిజాం ఫర్మానా చదివినట్టు చదివేటోడు.

ఆ నీళ్ల కథ నాకు చెప్పింది కూడ ఆయనే. 1908ల మూసీకి పెద్ద వరద వచ్చి ఊరు సగం కొట్టుకపోయినంక విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి ప్లాన్ చేయించిన్రు, మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట అంటే ఇదే) 1920ల, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927ల పూర్తయినయి. వరద ఆపుడు, తాగు నీళ్లిచ్చుడు, రెండు పనులూ ఒకటే కట్ట చేసింది. అప్పటి హైదరాబాద్ జనం నాలుగైదు లక్షలు. పెద్దనాయిన చెప్పిన దాంట్ల నాకు అప్పుడు అర్థం కాని సంగతి ఒకటుంది, "గండిపేట మనకంటే మీద ఉందిరా, నీళ్లు వాటంతట అవే దిగొస్తయి" అనేటోడు. అవును మరి, గండిపేట నిండు మట్టం సముద్రం కంటే 1,790 ఫీట్లు మీద, అక్కడ నించి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు నీళ్లు వాలుకు వచ్చేస్తయి, మోటరు లేదు, కరెంటు లేదు. అంత సస్తాల పడ్డ నీళ్లు ఈ ఊరికి మళ్ల ఎప్పుడూ దొరకలే. ఈ సంగతి బుర్రల పెట్టుకుంటే తర్వాత జరిగిందంతా సమజైతది.

జనం వచ్చిన్రు. రావద్దనేటందుకు మనం ఎవలం, మేమూ అట్ల వచ్చినోళ్లమే. జనాభా లెక్కలల్ల హైదరాబాద్, చుట్టుపక్కల కలిపి 1981ల 25 లక్షలు, 1991ల 43 లక్షలు, 2001ల 57 లక్షలు, 2011ల 77 లక్షలు. (మధ్యల ఊర్లు కలుపుకున్నది కూడ ఉంది గాని కలుపుకున్న ఊర్లు కూడ ఖాళీగ లేవు గదా.) మా కాలనీల అయితే లెక్కలెందుకు, టులెట్ బోర్డులు చూస్తే చాలు. 1998ల హైటెక్ సిటీ మొదలైంది, అది ఊరికి ఆ చివర, మేం ఈ చివర, అయినా దాని ఊపు మాదాక వచ్చింది. ఒక్క అంతస్తు ఇండ్ల మీద రెండో అంతస్తు, మూడో అంతస్తు, మెట్ల కింద ఒక రూము, డాబా మీద రేకుల రూము. మా పక్కింటోళ్లు ఒకరే కుటుంబం ఉన్నప్పుడు తీసుకున్న అర ఇంచ్ కనెక్షన్, ఆ ఇంట్ల ఆరు పోర్షన్లు పడ్డంక కూడ అదే అర ఇంచ్, అదే ఫిక్స్ బిల్లు. ఆరు కుటుంబాల కిరాయి ఓనరుకు వస్తుండె, మున్సిపాలిటీకి మాత్రం ఒక్క కుటుంబం బిల్లే పోతుండె. అప్పుడిది దొంగతనం లెక్క ఎవలకూ అనిపించలే, ఓనరు కూడ మంచాయనే, దసరాకు జమ్మి ఇచ్చి కౌగలించుకునేటోడు. రూలు అట్లుంది, అంతే.

జనం పెరిగితే బిల్లులు కట్టేటోళ్లు పెరుగుతరు, మున్సిపాలిటీకి రాబడి పెరుగుతది అని ఎవలన్న అనుకుంటరు. మా గల్లీల నేను చూసింది వేరే. ఇల్లు లేచుడు మొదలయినప్పటి నించి సిమెంటుకు, ఇటుకలు తడుపుటానికి నీళ్లు కావాలె, అది మొదటి రోజు నించే. పైపు లైను మాత్రం కాలనీ సగం నిండినంక వస్తది. బిల్లు దాని తర్వాత. ఆ లోపల కొందరు రాత్రికి రాత్రి రోడ్డు తవ్వి పైపుకు బెజ్జం కొట్టి కలుపుకున్నరు, పొద్దున చూస్తే రోడ్డు మీద కొత్త మట్టి, ఎవలూ ఏం అనరు. ఇంకొందరు నల్లాకు మోటర్ పెట్టి గుంజుడు మొదలుపెట్టిన్రు, ఒక్కరు పెడితే పక్కోళ్లకు చుక్క రాదు, ఇగ వాళ్లూ మోటర్ కొంటరు. మోటర్లు గుంజితే పాత జాయింట్లు లీకైతయి, ఎక్కడ మోరీ పక్కన లీకుంటే అక్కడ మురికి లోపలికి పోతది. లీకైన నీళ్లతోటి శుద్ధికి పెట్టిన ఖర్చు మట్టిల పోయె, మిగిలిన నీళ్లల్ల దొంగ నల్లాలు, ఫిక్స్ బిల్లులు పోంగ పైసలొచ్చే నీళ్లు ఎన్ని? అట్ల పైసలు రాకుండ పోయే నీళ్లనే ఆఫీసోళ్లు నాన్ రెవెన్యూ వాటర్ అంటరట. మా చావి మామ ఒకసారి నాయినతోటి "సార్, నేను ఇడిచే నీళ్లల్ల సగం ఎటు పోతయో నాకే తెల్వది" అన్నడు, టీ తాగుకుంట, మస్తు మామూలుగ.

ఇంకో చిక్కు ఏందంటే మా మున్సిపాలిటీకి సొంత నీళ్లు లేవు. మెట్రో వాటర్ బోర్డు 1989 నవంబర్ 1న పెట్టిన్రు, అంతకుముందు ఉన్న వాటర్ వర్క్స్, డ్రైనేజీ కలిపి. సిటీల అది నేరుగ ఇంటింటికి ఇస్తుండె, శివారు మున్సిపాలిటీలకు మాత్రం బల్కుగ అమ్ముతుండె. అంటే మున్సిపాలిటీ మీటరు లెక్కన కొని మనకు ఫిక్స్ లెక్కన అమ్ముడు. కొత్త ఇల్లు ఒకటి లేస్తే కొనే ఖర్చు పెరుగుతది, అమ్మితే వచ్చే పైసలు అంత పెరగయి. నాయిన నౌకరి అకౌంట్స్ సెక్షన్ల, ఆయనకిది బాగ తెల్సు. రోజూ పొద్దున ఈనాడు తిరగేసుకుంట "రేటు పెంచమంటే కౌన్సిలర్‌కు భయం, పెంచకుంటే పైపు రాదు" అని గొణుగుతుండె. నల్లా పన్ను పెంచుతమని మాట వస్తే మా కాలనీ వాళ్లే ధర్నాకు పోయిన్రు, ముందు వరుసల మా అమ్మ. నాయిన ఇంట్లనే కూర్చున్నడు. ఆ రోజు రాత్రి అన్నం కాడ వాళ్లిద్దరి నడుమ ఏం మాటలు లేకుండె.

ఇగ ఆ ఖాళీలకు ట్యాంకర్ వచ్చింది. మొదట్ల మున్సిపాలిటీ ట్యాంకరే, వారానికి ఒకసారి, రోడ్డు మీద డ్రమ్ములు లైన్ల పెట్టుకునుడు, డ్రమ్ము లేనోళ్లు ఇటుక పెట్టుడు, ఆ ఇటుక ఎవలో జరిపిన్రని కొట్లాట. తర్వాత ప్రైవేట్ ట్యాంకర్లు. శివారు ఊర్లల్ల ఎవలదో పొలంల బోరు, వరి పెట్టుడు బంద్ చేసి నీళ్లు అమ్ముకునుడు. ఐదు వేల లీటర్లు. చలికాలం ఒక రేటు, మే నెలల దానికి రెండింతలు, ఒక్కో ఏడు మూడింతలు. అమ్మ పోపుల డబ్బాల నించి తీసి డ్రైవర్ చేతిల పెట్టేది, వాడు పైపు చుట్టుకొని పోయేటోడు. రసీదు లేదు. నాయిన తీగకు గుచ్చుటానికి ఏముంది? నల్లా పన్ను కొంచెం పెంచుతమంటే ధర్నా చేసిన మా కాలనీ, ఆ పెంచే దానికి ఎన్నో రెట్లు ట్యాంకర్‌కు నోరు మూసుకొని ఇచ్చింది. నేను ఎవల్నీ అంటలేను, మా అమ్మనూ అంటలేను, పెంచి కట్టినా నీళ్లొస్తయని ఆమెకు నమ్మకం లేకుండె, ట్యాంకర్ అయితే కండ్ల ముందు సంపుల పడుతుండె. గాని ఆ పైసలల్ల సగమన్న పైపుల మీదికి పోయి ఉంటే మా దిక్కు ఇంకో పదేండ్ల ముందు బాగుపడేది అని నా అనుమానం.

2004ల కృష్ణ నీళ్లొచ్చినయి. అంతకుముందు మంజీర, సింగూరు అని వింటుండేటోళ్లం, అవి పటాన్‌చెరు దిక్కు నించి వచ్చేటియి, మా తూర్పుకు వచ్చేసరికి పైపుల దమ్ము ఉండేది కాదు. కృష్ణ అట్ల కాదు, మా దిక్కు నించే లోపలికి వచ్చింది, సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు. ఫస్ట్ ఫేజు 90 ఎంజీడీ, అంటే రోజుకు దగ్గర దగ్గర 41 కోట్ల లీటర్లు. 2008ల ఇంకో 90, 2015ల ఇంకో 90. మా నాయిన సంతోషం వేరే రకం. నాగార్జునసాగర్ కాడ పుట్టంగండిల ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌ల పోసి, కోదండాపూర్‌ల శుద్ధి చేసి పంపుతరు, ఆ దారి మొత్తం ఆయన జిల్లానే. ఫ్లోరైడ్ నీళ్లకు పండ్లు పచ్చబడి, కాళ్లు వంకర్లు పోయిన మనుషులున్న ఊర్లు అవి, మా ఊర్ల కూడ ఉన్నరు. "మనూరి పక్క నించే పోతున్నయిరా" అని పైపులైను చూసొచ్చి చెప్పిండు. సంతోషంతోటి అన్నడో ఇంకెట్ల అన్నడో నాకు ఇప్పటికీ తెల్వది. తర్వాత తర్వాత అక్కంపల్లి నీళ్లు ఆ దిక్కు ఊర్లకు కూడ ఇచ్చిన్రు, అది వేరే ముచ్చట.

ఇప్పుడు పెద్దనాయిన మాట గుర్తుతెచ్చుకోండ్రి. గండిపేట 1,790 ఫీట్లు. నాగార్జునసాగర్ నిండితే 590 ఫీట్లు. గండిపేట నీళ్లు దిగొచ్చినయి, కృష్ణ నీళ్లు స్టేజీలు స్టేజీలుగ వెయ్యి ఫీట్లకు పైన ఎక్కాలె, వంద కిలోమీటర్లకు పైన రావాలె. రాత్రింబగళ్లు మోటర్లు. వాటర్ బోర్డు ఖర్చులల్ల కరెంటు బిల్లే పెద్ద బరువని ఊరికెనే అనరు. గోదావరి అయితే ఎల్లంపల్లి నించి, అది ఇంకా దూరం, 180 కిలోమీటర్ల పైన. అంటే ఊర్లకు కొత్తగ వచ్చిన మనిషికి ఇచ్చే బిందెడు నీళ్లు, అంతకుముందు నించి ఉన్న మనిషికి ఇచ్చిన బిందెడు నీళ్ల కంటే ఖరీదు. బిల్లు మీద మాత్రం ఇద్దరికీ ఒకటే రేటు. అది తప్పని నేననను, కొత్తోనికి ఎక్కువ వేస్తే ఈ ఊర్లకే రావద్దు అన్నట్టు అయితది. గాని ఆ తేడా ఎవలో ఒకరు మోయాలె, కమర్షియల్ వాళ్ల మీద కొంత వేస్తరు, సర్కారు కొంత ఇయ్యాలె, సర్కారు ఆఫీసులే నల్లా బకాయిలు పెట్టుకున్నయని పేపర్ల ఏడాదికోసారి వస్తనే ఉంటది.

2007 ఏప్రిల్‌ల జీహెచ్ఎంసీ అయింది, పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు పాత కార్పొరేషన్ల కలిసినయి. మా నీళ్లు కూడ బోర్డు కిందికి పోయినయి. తీగ మీద చూస్తే ఆడికెల్లి కాగితం రంగు మారింది, మీద క్యాన్ నంబర్ అని, అంటే మన నల్లా ఖాతా నంబర్, వచ్చింది. రోజు విడిచి రోజు నీళ్లు, టైం తప్పకుండ. చావి మామ రిటైర్ అయిండు. ఇగ రాత్రి రెండింటికి గేటు కొట్టుడు బందయింది, అమ్మకు మాత్రం చాలా ఏండ్లు ఆ టైంకు మెలకువ వచ్చేది. 2016 ఎండాకాలానికి సింగూరు, మంజీర ఎండిపోయినప్పుడు కృష్ణ, అప్పుడప్పుడే వచ్చిన గోదావరి లేకుంటే ఈ ఊరు ఏమయ్యేదో, ఆ పైపుల మీద పెట్టిన అప్పును తిట్టేటోళ్లు ఆ ఒక్క ఏడును యాదికి తెచ్చుకోవాలె.

2021 జనవరి నించి నెలకు 20 వేల లీటర్ల దాకా ఫ్రీ అన్నరు. ఆధార్ లింక్ చేసుకోవాలె, బస్తీలోళ్లకు తప్ప మిగిలినోళ్లకు పని చేసే మీటరు ఉండాలె. ఇది చూడాలె తమాష. ఏండ్ల నించి మీటర్ వద్దు, మీటర్ పెడితే బిల్లు వస్తదని పారిపోయిన కాలనీ మొత్తం మీటర్ల షాపుల ముందు లైన్ కట్టింది. గడువు పెంచుకుంట పోయిన్రు, అయినా ఆఖరి రోజు దాకా ఆగినోళ్లున్నరు. అట్లన్న మీటర్లు పడ్డయి, ఎవల ఇంట్ల ఎంత వాడుతున్నరో లెక్క తెలిసింది, నాకు నచ్చిన సంగతి అది. నాయిన ఉంటే సున్నా రూపాయల బిల్లును కూడ తీగకు గుచ్చేటోడు.

అప్పటికే మా ఇల్లు లేదు. ఆ రెండు వందల గజాలు, పక్కింటోళ్ల రెండు వందలు కలిపి బిల్డర్‌కు ఇచ్చినం, స్టిల్ట్ మీద ఐదంతస్తులు, పది ఫ్లాట్లు. ఒకప్పుడు రెండు కుటుంబాలున్న జాగల పది. ఊరు పెరుగుతుందని నేను ఏడ్చేది లేదు, నేనే పెంచినోన్ని. బిల్డర్ తీసుకున్న కనెక్షన్ పది ఫ్లాట్లకు సరిపోదు, నీళ్లొచ్చే రెండు గంటలల్ల సంపు సగం నిండుతది, బోరు ఫిబ్రవరి దాకా. మార్చి నించి ట్యాంకరే. 2024 ఎండాకాలం అయితే ట్యాంకర్ బుక్ చేస్తే రెండు రోజులకు వచ్చేది. అటు ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల చుట్టు లోపల ఖాళీ జాగ కనపడుతలేదు, మల్లన్నసాగర్ నించి గోదావరి తెచ్చే తర్వాతి ఫేజులకు 2025 సెప్టెంబర్‌ల శంకుస్థాపన చేసిన్రు, రావాలె, వస్తయి.

మొన్న ఆదివారం సెల్లార్‌ల అసోసియేషన్ మీటింగ్ పెట్టినం. పెద్ద సైజు కనెక్షన్‌కు అప్లై చేద్దాం, పది మంది పంచుకుంటే మరీ ఎక్కువేం పడది, ఫ్లాటుకు 20 వేల లీటర్లు ఎట్లనూ ఫ్రీనే గదా అని నేను చెప్పిన. మూడో ఫ్లోర్ ఆయన, చదువుకున్న మనిషే, "ఒక్కసారే అంత చార్జీలు కట్టుడంటే ఎట్ల సార్, టెనెంట్స్ ఉన్నోళ్లు ఒప్పుకోరు" అన్నడు. ఎండాకాలం నాలుగు నెలలు ట్యాంకర్లకు ఇచ్చింది దానికంటే ఎక్కువయింది, లెక్క నా ఫోన్‌ల ఉంది, చూపిస్త అన్న.

"అది వేరే సార్, అది మెయింటెనెన్స్‌ల పోతది గదా" అన్నడు. అందరూ తలలూపిన్రు. ఈ ఏడు కూడ ట్యాంకర్ కాంట్రాక్టే పాసైంది.